లప్పం, రంగు, ఒక పాత గేమ్ పెట్టె



వీడియో గేమ్ అంటే ఇప్పుడు జేబులో పట్టే ఫోను. ఒకప్పుడు అది మనిషెత్తు చెక్కపెట్టె. పైన ఆట పేరుతో వెలిగే పలక, దాని కింద కాస్త వెనక్కి వాలిన తెర, నడుము ఎత్తులో ఒక జాయ్‌స్టిక్కూ రెండు మూడు బటన్లూ, మోకాలి దగ్గర నాణెం మింగే ఇనుప తలుపు. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ విడుదల చేశాక అయిదారేళ్ళ పాటు అమెరికాలో ఈ పెట్టెలు చేరని చోటు లేదు. బార్లు, పిజ్జా హోటళ్ళు, బౌలింగ్ హాళ్ళు, బట్టలుతికే దుకాణాలు. పాతిక సెంట్ల బిళ్ళ పడితే ఆట మొదలు. ఆ ఆటల గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను పెట్టె గురించి చెబుతాను. దాని చెక్క, చెక్కకు పట్టిన చెమ్మ, చెక్క మీది రంగు, ఇప్పుడు వాటిని బాగుచేస్తున్నవాళ్ళు పడే పాట్లు.

పెట్టె మీద అంత పట్టింపు ఎందుకని అడగొచ్చు. ఆటకేం, దానికి చావు లేదు. చిప్పులోని ప్రోగ్రామును ఎన్నిసార్లయినా నకలు తీయొచ్చు, ఏ కంప్యూటర్లోనైనా ఆడించొచ్చు. కానీ ఆటలో లేనివి కొన్ని ఆ పెట్టె మీద మాత్రమే ఉన్నాయి. 1980లో నామ్కో కంపెనీ తయారుచేసిన ‘ప్యాక్-మ్యాన్’నే తీసుకోండి. తెర మీద అతనొక పసుపు బిళ్ళ, ఒక నోరు, అంతే. అమెరికాలో ఆ ఆటను అమ్మిన మిడ్‌వే కంపెనీ చిత్రకారులు పెట్టె పక్కపలకల మీద అతనికి గుండ్రటి కళ్ళు పెట్టారు, కాళ్ళు పెట్టారు. ఆ కళ్ళూ కాళ్ళూ ప్రోగ్రాములో ఎక్కడా లేవు. చెక్క పాడైతే అవీ పోతాయి.

ఆ చెక్క సంగతి చెప్పాలంటే, అది చెక్క అనడమే కొంచెం మర్యాద. చాలా పెట్టెలకు వాడింది పార్టికల్ బోర్డు. కలప పేళ్ళు, పొట్టు, వాటిని పట్టి ఉంచడానికి యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు, వేడి మీద అదిమి చేసిన ముప్పావు అంగుళం పలక. చవక, బరువు, కోస్తే నున్నగా తెగుతుంది. కొన్ని పెట్టెలకు ప్లైవుడ్ కూడా వాడారు. ఏదైనా, ఆ రోజుల్లో పెట్టెలో అన్నిటికన్నా ఖరీదైనవి లోపలి సర్క్యూట్ బోర్డూ పిక్చర్ ట్యూబూ. చెక్క వాటిని నిలబెట్టే తడిక. ఆట రెండేళ్ళు డబ్బు తెస్తే చాలు, ఆ తర్వాత పెట్టె ఏమైనా ఫరవాలేదు అన్న లెక్కతో చేసినవి. నలభై ఏళ్ళ తర్వాత ఎవరో గ్యారేజీలో దీపం పెట్టుకుని దాని అడుగు మూలలు తడిమి చూస్తారని ఆ ఫ్యాక్టరీలో ఎవరూ అనుకుని ఉండరు.

ముందు పోయేది ఆ అడుగు మూలలే. బార్లో రాత్రి నేల తుడిచినవాడు తడి మాప్‌ను పెట్టె కింది అంచుకు తగిలిస్తూ పోతాడు. రోజూ అదే. పార్టికల్ బోర్డు కోసిన అంచు నీళ్ళు తాగేస్తుంది, టీలో ముంచిన బిస్కెట్టులా ఉబ్బుతుంది, ఆరినా మళ్ళీ సన్నబడదు. ముప్పావు అంగుళం పలక అడుగున అంగుళానికి పైగా లావెక్కి, పొరలు విడిపోయి, గోటితో గీకితే పొట్టుగా రాలుతుంది. పెట్టె కింద ఉండాల్సిన ఎత్తు సరిచేసే మరకాళ్ళు ఊడిపోతే ఇక చెప్పనక్కర్లేదు, పలక నేరుగా నేల మీదే కూర్చుంటుంది. మిగతా గాయాలు మనుషులవి. ఓడిపోయినవాడు తన్నిన తన్నులు నాణెం తలుపు చుట్టూ ఉంటాయి. రెండు చేతులూ ఆటకు కావాలి కాబట్టి బటన్ల పక్కన ఆనించి మరిచిపోయిన సిగరెట్ల కాలిన మచ్చలు ఉంటాయి. లారీలోకి ఎక్కించి దించిన ప్రతిసారీ వెనక అంచు చితికిన గుర్తులుంటాయి. పెట్టె మీద గీతలు గీకేవాళ్ళ భయం ఎంతంటే, ‘ప్యాక్-మ్యాన్’ జపాన్ పేరు ‘పక్-మ్యాన్’ను అమెరికాలో మార్చడానికి కారణమే అది. మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని ఎవరైనా కాస్త గీకితే పచ్చి బూతవుతుందని కంపెనీ ముందే పసిగట్టింది.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ యజమానిది. ఆట పాతబడి జనం రాకపోతే పెట్టెను పారేయడం దండగ. లోపలి బోర్డు మార్చి, పైన పేరు మార్చి, పక్కన ఉన్న బొమ్మల మీద నల్లరంగు ఒక చేయి కొట్టి, కొత్త ఆటగా నిలబెట్టేవారు. ఎనభైల నడిమి నుంచి ఇందుకోసం కిట్లే అమ్మేవారు. ఇవాళ ఏ పాత పెట్టె దొరికినా బయటికి నల్లగానే కనబడే అవకాశం ఎక్కువ.

దీన్ని మోటు పని అని తిట్టుకునే ముందు ఒక కథ వినాలి. నిన్టెండో కంపెనీ అమెరికా శాఖను నడిపిన మినోరు అరకావా, ‘రాడార్ స్కోప్’ అనే ఆట పెట్టెలు మూడు వేలు జపాన్ నుంచి తెప్పించాడు. ఓడలో అవి వచ్చేసరికి నెలలు గడిచాయి, ఆట మీద మోజు తగ్గింది. వెయ్యి దాకా అమ్ముడయ్యాయి, రెండు వేలు గిడ్డంగిలో ఉండిపోయాయి. వాటిని ఎలాగైనా వదిలించుకోవాలి. జపాన్‌లో అప్పటికి ఒక్క ఆటయినా సొంతంగా చేసి ఎరగని షిగెరు మియమోతో అనే కుర్రాడికి, అవే పెట్టెల్లో పట్టే కొత్త ఆట ఒకటి చెయ్యమని పని అప్పజెప్పారు. అతను చేసిందే ‘డాంకీ కాంగ్’, 1981. కిట్లు సియాటిల్ చేరాక అరకావా, ఆయన భార్య, మరికొందరు కూర్చుని పెట్టెలు విప్పి బోర్డులు మార్చి, బొమ్మలు మార్చారు. అందుకే మొదటి డాంకీ కాంగ్ పెట్టెలు ఎర్రగా ఉంటాయి, తర్వాత ఫ్యాక్టరీలో కొత్తగా చేసినవి నీలంగా ఉంటాయి. ఇప్పుడు సేకర్తలు కళ్ళకద్దుకునేది ఆ ఎర్రవాటినే. అంటే అన్నిటికన్నా విలువైన డాంకీ కాంగ్ పెట్టె కూడా, సరిగ్గా చూస్తే, ఇంకో ఆట పొట్ట కోసి చేసిన మారు వేషమే.

కాబట్టి బాగుచేసేవాడికి మొదటి ప్రశ్న ఏ రంగు వెయ్యాలన్నది కాదు, ఏ పొర దగ్గర ఆగాలన్నది. నల్లరంగు కూడా ఆ పెట్టె బతుకులో భాగమే కదా అనేవాళ్ళున్నారు. నా మటుకు నాకు, కింద బొమ్మ బతికి ఉందని తెలిస్తే నల్లరంగు మీద జాలి చూపనక్కర్లేదు. బొమ్మ లేదని తేలితే మాత్రం దాన్ని తొందరపడి గీకకూడదు.

కింద బొమ్మ ఉందో లేదో గీకకుండానే తెలుస్తుంది. గదిలో దీపాలార్పి, టార్చిలైటును పలకకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుతురు వెయ్యాలి. పాత బొమ్మల అంచుల దగ్గర రంగు పొర కొంచెం ఎత్తుగా ఉంటుంది కాబట్టి నల్లరంగు కింద గీతలు నీడలు కట్టి లేస్తాయి. మా స్నేహితుడొకడు న్యూజెర్సీలో ఉంటాడు, ఊరు మాదే. అతను కొన్న నల్లపెట్టె మీద ఇలా లైటు వేసినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ముందు ఒక వంపు కనబడింది. లైటును జానెడు కిందికి దించితే ఒక బూటు. ఇంకొంచెం పక్కకు తిప్పితే గుండ్రటి కన్ను. ప్యాక్-మ్యాన్. అతను ఆ పెట్టెను కొన్నది ఇంకేదో గుద్దులాట బోర్డు కోసం!

నల్లరంగు తీయడంలో ఒక అదృష్టం ఉంది. యజమానులు తొందరమనుషులు. కింది రంగును గరుకు కాగితంతో రుద్ది, ఆపైన కొత్తది వేసే ఓపిక చాలామందికి ఉండేది కాదు. అందువల్ల నల్లపొర కింది నున్నటి రంగును గట్టిగా కరుచుకోదు. ప్లాస్టిక్ గీకుడుబిళ్ళనో కొత్త బ్లేడునో బాగా వాల్చి పట్టి నెట్టితే పెచ్చులుగా లేస్తుంది. వేడిగాలి మిషన్ వాడొచ్చు కానీ దూరంగా పట్టుకోవాలి, లేకపోతే రెండు రంగులూ కలిసి ఉడుకుతాయి. రసాయనం పూసేవాళ్ళు ముందుగా వెనకవైపు, ఎవరికీ కనబడని మూలలో పూసి చూస్తారు. ఎందుకంటే పైరంగును తినే మందు కింది రంగును వదిలిపెడుతుందన్న భరోసా ఏ డబ్బా మీదా రాయరు. అరచేయంత జాగా శుభ్రపడటానికి ఒక సాయంత్రం పడుతుంది. దీనికి దొడ్డిదారి లేదు. గ్రైండరు పట్టుకొచ్చి గంటలో తేల్చేస్తానన్నవాడికి మిగిలేది గోధుమరంగు పలక.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ పనికి దిగేముందు లోపలి పిక్చర్ ట్యూబును తెలిసినవాడి చేత తీయించాలి. ప్లగ్ పీకేసినా ఆ ట్యూబులో వేల వోల్టుల విద్యుత్తు నిలవ ఉండగలదు. గరుకు కాగితం పట్టే ముందు ముక్కుకు దుమ్ము మాస్కు కట్టుకోవాలి. ఆ పొట్టులో జిగురు ఉంటుంది, పాత రంగులో ఏముందో తెలియదు. తలుపులు తెరిచి పెట్టాలి.

సరే, ఆ అడుగు మూల. నీళ్ళు తాగి ఉబ్బిన భాగాన్ని కొందరు అదిమి, జిగురు పోసి క్లాంపుతో బిగిస్తారు. కొంచెమే ఉబ్బితే అది నిలుస్తుంది. పొట్టుగా రాలే దశకు వస్తే రాలేదంతా రాల్చేయాల్సిందే, గట్టి చెక్క తగిలేదాకా. మిగిలిన గరుకు అంచుకు పల్చటి ఎపాక్సీ తాగించాలి. అది లోపలికి ఇంకి, పేళ్ళను మళ్ళీ ఒకదానికొకటి పట్టిస్తుంది. ఆ తర్వాత పోయిన మూలకు అచ్చు కట్టాలి. రెండు సాపు పట్టీలు తెచ్చి, వాటికి ప్యాకింగ్ టేపు చుట్టి, పలకకు అటూ ఇటూ క్లాంపులతో బిగిస్తే మూల ఆకారంలో ఖాళీ ఏర్పడుతుంది. టేపు ఎందుకంటే, లేకపోతే పట్టీ కూడా మూలతోపాటే శాశ్వతంగా అంటుకుపోతుంది.

ఆ ఖాళీలో నింపేది లప్పం. గోడల లప్పం కాదు, కార్ల లప్పం. విజయవాడ ఆటోనగర్‌లో సొట్ట తీసిన బానెట్ మీద పెట్టే రకం. అమెరికాలో దాన్నే బాండో అనే బ్రాండు పేరుతో పిలుస్తారు. అది పాలియెస్టర్. నిమ్మకాయంత లప్పంలో చిన్న ట్యూబు నుంచి గట్టిపరిచే పేస్టు కాస్త పిండి, రంగు చారలు లేకుండా కలిపి, గబగబా పెట్టాలి. నిమిషాల్లో బిగుస్తుంది. నీళ్ళతో కలిపే చెక్క లప్పం ఇక్కడ ఎందుకు పనికిరాదంటే, నీళ్ళు తగిలి చెడిన చెక్కకు మళ్ళీ నీళ్ళే పెట్టినట్టవుతుంది, పైగా ఆరేకొద్దీ కుదించుకుపోయి అంచు దగ్గర సందు ఇస్తుంది. కార్ల లప్పం పూర్తిగా రాయి కాకముందే, గోరు దిగే దశలో ఎక్కువైనదాన్ని కత్తితో చెక్కేసుకోవాలి. ఆ దశ దాటితే గరుకు కాగితంతో కుస్తీయే. ఎనభై నంబరు కాగితంతో మొదలుపెట్టి, నూట ఇరవైకి, చివరికి రెండు వందల ఇరవైకి వస్తారు. కాగితం కింద చెక్కబిళ్ళ ఉండాలి, వట్టి వేళ్ళతో రుద్దితే లప్పం దగ్గర గుంట పడుతుంది. సమంగా వచ్చిందో లేదో చూపు చెప్పదు. కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరితే తెలుస్తుంది.

బరువు మోసే మూలకు మాత్రం నేను కార్ల లప్పాన్ని నమ్మను. పెట్టెను వెనక్కి వంచి నెట్టేటప్పుడు బరువంతా ఆ మూల మీదే పడుతుంది, లప్పం పగులుతుంది. అక్కడ చిక్కటి ఎపాక్సీ పెట్టాలి. ఇంకా మంచిది, చెడినంత మేర అడ్డంగా కోసేసి కొత్త ప్లైవుడ్ ముక్క అతకడం. రెండు పక్కపలకలూ ఒకే ఆకారం కాబట్టి, ఒక మూల బాగుంటే దాన్నే నమూనాగా పెట్టి రౌటర్ మిషన్‌తో రెండోదాన్ని అచ్చంగా కోయొచ్చు. రెండూ పోతే ఇంకొకరి పెట్టె మీద కాగితం పరిచి కొలత గీసుకు రావాలి. ఈ పనివాళ్ళ మధ్య అలా కాగితాలు అడిగి తెచ్చుకోవడం మామూలే.

ఇక ప్రైమరు. పాత పలకలో నీటి చారలు, సిగరెట్ పొగ పసుపు మరకలు ఉంటాయి. పైన ఎన్ని చేతుల రంగు వేసినా కొన్నాళ్ళకు అవి తేలి వస్తాయి. వాటిని అణచడానికి అక్కడివాళ్ళు ఎక్కువగా నమ్మేది షెల్లాక్ ప్రైమరును. షెల్లాక్ అంటే మన లక్క. పురుగు చెట్టుకొమ్మ మీద కట్టే లక్కను శుద్ధి చేసి స్పిరిట్లో కరిగించిందే అది. ప్రపంచానికి లక్క పెట్టే దేశాల్లో మనది ముందువరసలో ఉంటుంది. ఏటికొప్పాకలో అంకుడుకర్ర బొమ్మ లేతు మీద తిరుగుతుంటే లక్కబిళ్ళ ఆనించి రంగు ఎక్కిస్తారు చూడండి, ఆ సరుకే. న్యూజెర్సీ గ్యారేజీలో ఆ డబ్బా మూత తీయగానే వచ్చిన స్పిరిట్ వాసనకు మా స్నేహితుడి భార్య కిటికీలన్నీ తెరిచేసింది కానీ, నాకు మాత్రం మా ఊళ్ళో కుర్చీలకు పాలిష్ పెట్టే సాయిబు గుర్తొచ్చాడు.

రంగు కుదర్చడం ఇంకో తలనొప్పి. ప్యాక్-మ్యాన్ పసుపు ఏది? ఎండ తగిలిన పక్క వెలిసిపోయి ఉంటుంది, పొగ తగిలిన పక్క ముదిరి ఉంటుంది. నాణెం తలుపు చట్రం విప్పితే దాని కింద వేలెడు వెడల్పున, వెలుతురూ చెయ్యీ సోకని అసలు పసుపు బయటపడింది. ఆ ముక్కను చూపిస్తే రంగుల దుకాణంలో యంత్రం చదివి కలిపి ఇస్తుంది. ఎనామిల్‌ను సన్నటి స్పాంజి రోలరుతో పల్చగా వేసి, ఆరనిచ్చి, నున్నటి కాగితంతో తడిపి రుద్ది, మళ్ళీ వేయడం. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. రెండోదానికి వారాలు పడుతుంది. ఈలోపల దానిమీద టేపు అంటిస్తే టేపుతో పాటు రంగూ లేస్తుంది.

ఆ పసుపు మీద బొమ్మ. ఫ్యాక్టరీలో దాన్ని స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టారు, రంగుకొక స్టెన్సిల్. విలియమ్స్ కంపెనీ ‘డిఫెండర్’, ‘జౌస్ట్’ పెట్టెలదీ అదే పద్ధతి. పని వేగంగా సాగాలి కాబట్టి స్టెన్సిల్ పలకకు పూర్తిగా ఆనేది కాదు, అంచు కింద నుంచి రంగు పొగలా జారేది. దగ్గరికెళ్ళి చూస్తే గీత అంచు కత్తికోతలా ఉండదు, సన్నటి తుంపర ఉంటుంది. ఒక రంగు ఇంకోదాని మీదికి వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. ఇప్పుడు అమ్మే స్టెన్సిళ్ళు కంప్యూటరు కోసిన అంటుకునే వినైల్. అంచులు అద్దంలా వస్తాయి. అలా చేసిన పెట్టెను దూరం నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. దగ్గరికెళితే 1980 నాటి వస్తువు కాదని వెంటనే తెలిసిపోతుంది. స్టెన్సిల్‌ను కావాలనే కాస్త ఎత్తి పట్టి తుంపర పడేలా కొట్టే పనివాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఆ వేషం కూడా నచ్చదు. బతికి ఉన్న పాత రంగును, సిగరెట్ మచ్చతో సహా, ఉన్నచోట ఉండనిచ్చి, చెక్క పోయినచోట మాత్రమే చెక్క పెట్టి, ఆ ముక్క వరకే పసుపు కలపాలని నా వాదన. కుట్టు కనబడుతుంది. కనబడనివ్వండి.

మా స్నేహితుడు నా మాట సగం విన్నాడు. ఎడమ పలక మీద బొమ్మ చాలావరకు దక్కింది కాబట్టి దాన్ని గీతలతో, మచ్చలతో అలాగే ఉంచాడు, అడుగున మాత్రం జానెడు కొత్త ముక్క. కుడి పలక నీళ్ళకు మరీ చెడింది. దాన్ని లప్పం పెట్టి, లక్క ప్రైమరు వేసి, వినైల్ స్టెన్సిల్‌తో అద్దంలా తయారుచేశాడు. అంచుల గాడిలో కొత్త ప్లాస్టిక్ పట్టీని రబ్బరు సుత్తితో కొట్టి దించాడు, మూలల దగ్గర వెనక ఈనెను కోసి మరీ వంచాడు. మరకాళ్ళు బిగించి నేలకు రెండు వేళ్ళ ఎత్తు లేపాడు. పెట్టెను హాల్లో మూలకు చేర్చాడు. మూల కాబట్టి ఒక పక్క గోడకు ఆనాలి. తళతళలాడేది బయటికుండాలని పిల్లలు, పాతది కనబడాలని అతను. నేను వచ్చేసే రోజుకు పెట్టె హాలు మధ్యలోనే ఉంది, అందరూ దాని చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళుతున్నారు.